వారానికి పది గంటలు: ఆన్‌లైన్ కోర్సు ఎక్కడ మొదలవ్వాలి

దూరవిద్య నడిపే కేంద్ర విశ్వవిద్యాలయం ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి చదువు మీద పెట్టాల్సిన 30 గంటలు. నాలుగు క్రెడిట్ల కోర్సుకు 120 గంటలు అవుతాయి. 12 వారాలకు పంచితే వారానికి 10 గంటలు. ఇందులో వీడియో పాఠాలు చూడటానికి పోయేది రెండు గంటలు, మహా అయితే మూడు. మరి మిగతా ఏడు గంటలూ విద్యార్థి ఏం చేయాలి? ఎక్కడ కూర్చుని, ఏ ఫోన్‌లో, ఎవరిని అడుగుతూ చేయాలి? డిగ్రీ, ఇంజినీరింగ్, పీజీ స్థాయిలో ఒక ఆన్‌లైన్ కోర్సు నిలబడుతుందా లేదా అన్నది చాలావరకు ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది.

కానీ కాలేజీల్లో ఆన్‌లైన్ కోర్సు తయారు చేద్దాం అనగానే ముందు నడిచే చర్చ వేరు. స్టూడియో ఏ గదిలో పెట్టాలి, కెమెరా ఏది కొనాలి, మూడుల్ వాడాలా గూగుల్ క్లాస్‌రూమ్ సరిపోతుందా, జూమ్ లైసెన్సుకు ఎంతవుతుంది. ఇవన్నీ తేల్చుకోవాల్సిన విషయాలే. అయితే ఇవి ఆ రెండు మూడు గంటలకు సంబంధించినవి. మిగతా ఏడు గంటల గురించి ఎవరూ మాట్లాడకపోతే, అవి ఖాళీగానే ఉండిపోతాయి. పరీక్షకు ముందు వారం దాకా విద్యార్థి ఆ కోర్సును తెరిచి కూడా చూడడు.

లాక్‌డౌన్‌లో జరిగింది ఆన్‌లైన్ విద్యేనా?

2020 మార్చిలో లాక్‌డౌన్ పడినప్పుడు లెక్చరర్లకు దొరికిన గడువు కొద్ది రోజులే. టైమ్‌టేబుల్ మారలేదు, సిలబస్ మారలేదు. గంట క్లాసు గంట క్లాసుగానే ఫోన్ తెర మీదికి వెళ్లింది. అంత తక్కువ సమయంలో, ఏ శిక్షణా లేకుండా, సొంత ఫోనుతో సొంత డేటాతో పాఠాలు చెప్పినవాళ్ల కష్టాన్ని తక్కువ చేయకూడదు. ఇబ్బంది ఏమిటంటే, ఆన్‌లైన్ చదువంటే అదేనన్న ముద్ర చాలామంది మనసులో పడిపోయింది. కెమెరా ఆపేసి, మ్యూట్‌లో పెట్టేసి, అటెండెన్స్ పిలిచినప్పుడు పలకడమే ఆన్‌లైన్ క్లాసు అనుకున్న తరం ఒకటి ఇప్పుడు ఉద్యోగాల్లో ఉంది.

ఆ నెల 27నే అమెరికాలో చార్లెస్ హోడ్జెస్, మరో నలుగురు అధ్యాపకులు కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. ఇప్పుడు జరుగుతున్నదాన్ని అత్యవసర దూర బోధన అనాలని, ముందుగా ఆలోచించి కట్టిన ఆన్‌లైన్ కోర్సుతో దాన్ని కలపవద్దని అందులో చెప్పారు. యూనివర్సిటీ స్థాయిలో పూర్తి ఆన్‌లైన్ కోర్సు ఒకటి మొదలుపెట్టడానికి ముందు, దాని తయారీకే మామూలుగా ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుందని కూడా రాశారు. మన దగ్గర ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. సెమిస్టర్ మొదలయ్యే వారం ముందు సబ్జెక్టు ఎవరికో తేలే కాలేజీలు ఎన్నో ఉన్నాయి.

హడావిడిగా కడితే ఏమవుతుందో కొవిడ్‌కు ఏడేళ్ల ముందే కాలిఫోర్నియాలో తెలిసింది. 2013లో శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ, ఆన్‌లైన్ కోర్సులు నడిపే ఉడాసిటీ సంస్థ కలిసి మూడు లెక్కల కోర్సులను ఆన్‌లైన్‌లో పెట్టాయి. ఒక పక్క కోర్సు నడుస్తుండగానే ఇంకో పక్క పాఠాలు తయారయ్యాయి. చేరినవాళ్లలో అప్పటికే ఒకసారి లెక్కల్లో తప్పినవాళ్లు, పేద వాడల హైస్కూలు పిల్లలు ఉన్నారు. కొందరికి కంప్యూటరే సరిగా అందుబాటులో లేదు. క్లాసులో అవే సబ్జెక్టులు చదివినవాళ్లతో పోలిస్తే పాసైనవాళ్లు బాగా తగ్గారు. ఆ జూలైలో ప్రయోగాన్ని ఆపి మళ్లీ ఆలోచించుకోవాల్సి వచ్చింది. వేసవి బ్యాచ్‌లో ఫలితాలు మెరుగయ్యాయి, కానీ ఆ బ్యాచ్‌లో చాలామంది అప్పటికే డిగ్రీ ఉన్నవాళ్లు. అంటే కోర్సు మంచిదా చెడ్డదా అనే ముందు, అది ఎవరి కోసం అన్నది తేల్చుకోవాలి. తనంతట తాను చదువుకోవడం అలవాటైన ఉద్యోగికి సరిపోయిన పాఠం, సప్లీ రాస్తున్న డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థికి సరిపోదు.

ఎదురుగా లేని విద్యార్థికి పాఠం రాయడం

ఈ విద్య తెలుగు నేలకు కొత్త కాదు. 1982 ఆగస్టులో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ మొదలైంది. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. తొలి వైస్ ఛాన్సలర్ జి.రాంరెడ్డే 1985లో ఢిల్లీలో ఇగ్నోకూ తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. వీటన్నిటికీ నమూనా బ్రిటన్‌లో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ. అక్కడ ఒక కోర్సును ఒక ప్రొఫెసర్ ఒంటరిగా రాయరు. సబ్జెక్టు తెలిసినవాళ్లు, సంపాదకులు, బీబీసీ నిర్మాతలు ఒక బృందంగా కూర్చుని, ఒకరు రాసింది ఇంకొకరు విమర్శిస్తూ నెలల తరబడి కట్టేవారు.

సార్వత్రిక విశ్వవిద్యాలయాల పుస్తకాలు చదివినవాళ్లకు ఆ కట్టుబడి గుర్తుండే ఉంటుంది. పాఠం మొదట్లోనే ఇది చదివాక మీరు ఏం చేయగలగాలో రాసి ఉంటుంది. రెండు మూడు పేజీలకు ఒకసారి మీ ప్రగతిని సరిచూసుకోండి అంటూ ఒక ప్రశ్న, కింద జవాబు రాసుకోవడానికి గీతలు, చివర సరిచూసుకోవడానికి సమాధానాలు. మళ్లీ ఆదివారం స్టడీ సెంటర్‌లో క్లాసు, అక్కడ అడగడానికి ఒక కౌన్సెలర్, అంటే సందేహాలు తీర్చే అధ్యాపకుడు. పగలు ఉద్యోగం చేసి, రాత్రి ఇంటిపని అయ్యాక, పదిన్నరకు పుస్తకం తెరిచే మనిషిని కళ్ల ముందు పెట్టుకుని ఎవరో రాసిన పాఠాలవి. అన్నీ గొప్పగా ఉన్నాయని చెప్పలేం. అచ్చు ఆలస్యమయ్యేది, భాష కొన్నిచోట్ల కొరుకుడు పడేది కాదు. అయినా పక్కన గురువు లేనప్పుడు విద్యార్థి ఎక్కడ ఆగిపోతాడో ముందే ఊహించి, అక్కడ ఒక ప్రశ్న పెట్టాలన్న తెలివిడి వాటిలో ఉంది. వీడియో కెమెరాలు చేతికొచ్చాక ఆ తెలివిడినే చాలాచోట్ల వదిలేశారు. రెగ్యులర్ కాలేజీలు తమ ఊళ్లోనే ఉన్న దూరవిద్యా కేంద్రంలో పాఠం ఎలా తయారవుతుందో చూసి వచ్చినా ఎంతో మేలు జరిగేది.

చివరి నుంచి మొదటికి

ప్రణాళిక అంటే సిలబస్‌లోని యూనిట్లను వారాలకు పంచడం అనుకుంటారు. అది చివర చేసే పని. ముందు తేలాల్సింది కోర్సు ముగిశాక విద్యార్థి ఏం చేసి చూపించాలన్నది. ఆ తర్వాత, చేయగలుగుతున్నాడని మనకెలా తెలుస్తుంది, అంటే ఏ పరీక్ష, ఏ పని. ఆ తర్వాత, ఆ పని చేయడానికి ముందు ఎన్నిసార్లు సాధన చేయాలి. ఆ సాధనకు ఏం చదవాలి, ఏం చూడాలి అన్నది అన్నిటికంటే ఆఖరున వస్తుంది. లక్ష్యం, బోధన, పరీక్ష ఈ మూడూ ఒకే దారిలో ఉండాలని ఆస్ట్రేలియా విద్యావేత్త జాన్ బిగ్స్ 1990ల్లోనే గట్టిగా చెప్పారు. క్లాసులోనైనా ఇది వర్తిస్తుంది. కాకపోతే క్లాసులో ప్లాన్ తప్పినా లెక్చరర్ అక్కడికక్కడ విద్యార్థుల ముఖాలు చూసి సర్దుకుంటారు. ఆన్‌లైన్‌లో ఆ ముఖాలు కనిపించవు కాబట్టి సర్దుబాటు ముందే జరిగిపోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. డిగ్రీ స్టాటిస్టిక్స్‌లో ప్రామాణిక విచలనం అనే పాఠం ఉంది. అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత అది. సిలబస్ కాగితంలో దాని ఎదురుగా సాధారణంగా ‘విద్యార్థికి విచలన భావన మీద అవగాహన కలుగుతుంది’ అని రాస్తారు. అవగాహన కలిగిందో లేదో ఎవరికీ తెలియదు. అదే లక్ష్యాన్ని ఇలా రాయవచ్చు: తాను స్వయంగా సేకరించిన రెండు ధరల జాబితాలకు ప్రామాణిక విచలనం లెక్కగట్టి, ఏది ఎక్కువ, ఎందుకు ఎక్కువ అన్నది ఐదు వాక్యాల్లో రాయగలగాలి.

ఇలా రాయగానే ఆ వారం పని దానంతటదే తయారవుతుంది. విద్యార్థి ఒకరోజు పొద్దున రైతు బజారుకు వెళ్లి ఇరవై దుకాణాల్లో టమాటా ధర రాసుకోవాలి. అదే రోజు బయట వీధుల్లో ఇరవై తోపుడు బళ్ల దగ్గర ధర రాసుకోవాలి. రైతు బజారులో ఆ రోజు ధర బోర్డు మీద రాసి ఉంటుంది, అందరూ దానికే అమ్మాలి. కాబట్టి అక్కడి విచలనం సున్నా, లేదా దానికి దగ్గర. బళ్ల దగ్గర అది పెరుగుతుంది. సున్నా వచ్చినప్పుడు లెక్క తప్పిందేమోనని విద్యార్థి మొదట కంగారు పడతాడు, మళ్లీ చేస్తాడు, అప్పుడు తెలుస్తుంది. విచలనం అంటే ఏమిటో ఆ క్షణంలో పట్టుబడినంతగా నలభై నిమిషాల వీడియోలో పట్టుబడదు. పైగా ప్రతి ఒక్కరి అంకెలూ వేరు కాబట్టి పక్కవాడిది ఎక్కించుకోవడం కుదరదు.

ఇక ఆ వారం పది గంటల లెక్క చూద్దాం. వీడియోలకు రెండు గంటలు, పాఠం చదవడానికి రెండున్నర, చిన్న క్విజ్‌లు, సాధన లెక్కలకు రెండు, బజారు పనికి రెండున్నర, లైవ్ క్లాసులో సందేహాలకు ఒక గంట. ఇలా వారం వారం కాగితం మీద రాసుకుంటేనే ఒక విషయం బయటపడుతుంది. చాలా కోర్సులు విద్యార్థిని పది గంటల బదులు పద్దెనిమిది గంటలు అడుగుతున్నాయి, లేదంటే రెండే అడుగుతున్నాయి. సెమిస్టర్‌లో ఆరు సబ్జెక్టులు ఉంటాయన్న సంగతి కూడా ఈ లెక్కలోకి రావాలి. ఆరుగురు లెక్చరర్లూ ఆదివారం రాత్రే గడువు పెడితే ఆ ఆదివారం విద్యార్థికి మిగిలేది టెన్షనే.

వీడియో గురించి కొంచెం

2014లో ఫిలిప్ గువో, మరో ఇద్దరు పరిశోధకులు ఎడ్ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలోని నాలుగు కోర్సుల్లో 862 వీడియోలను విద్యార్థులు ఎలా చూశారో పరిశీలించారు. దాదాపు 69 లక్షల వీక్షణల సమాచారం అది. వీడియో ఎంత పొడవున్నా, సగటు విద్యార్థి దాని ముందు నిలిచింది ఆరు నిమిషాల లోపే. ఆరు నిమిషాలు దాటిన వీడియోలను మధ్యలోనే వదిలేశారు. చేత్తో రాస్తూ వివరించినవి ఉత్త స్లైడ్ల కంటే ఎక్కువసేపు నిలబెట్టాయి. ఈ అధ్యయనం చూసి ప్రపంచమంతా ఆరు నిమిషాల సూత్రం పట్టుకుంది. అందులో ఒక జాగ్రత్త ఉంది. ఎంతసేపు చూశారన్నది వేరు, ఎంత నేర్చుకున్నారన్నది వేరు. ఒక సిద్ధాంతానికి రుజువు చెప్పడానికి పదిహేను నిమిషాలు అవసరమైతే, దాన్ని మూడు ముక్కలు చేసి మధ్యలో ఒక్కో ప్రశ్న పెట్టడం మేలు. ఆరు నిమిషాల్లో కుదించాలని మధ్య మెట్లు ఎగరగొడితే వీడియో పూర్తవుతుంది కానీ విద్యార్థికి ఏమీ మిగలదు.

మధ్యలో ప్రశ్న పెట్టమనడానికి గట్టి ఆధారమే ఉంది. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనోవిజ్ఞాన పరిశోధకులు విద్యార్థులను రెండు రకాలుగా చదివించి చూశారు. ఒక జట్టు పాఠాన్ని మళ్లీ చదివింది, ఇంకో జట్టు పుస్తకం మూసి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది, రాసి చూసుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మన పెద్దలు అప్పజెప్పించుకునేవారు కదా, దానిలోని బలం ఇదే. ఆన్‌లైన్ కోర్సులో క్విజ్‌ను మార్కుల కోసమే వాడితే ఈ బలం వృథా అవుతుంది. మార్కులు లేని, ఎన్నిసార్లైనా రాసుకోగలిగే, తప్పు రాస్తే ఎందుకు తప్పో చెప్పే చిన్న ప్రశ్నలే ఎక్కువ పని చేస్తాయి. వాటిని రాయడం కష్టం. ఒక మంచి తప్పు జవాబు తయారు చేయాలంటే విద్యార్థులు నిజంగా ఎక్కడ పొరబడతారో తెలిసి ఉండాలి. ఇది పదేళ్లు ఆ సబ్జెక్టు చెప్పిన లెక్చరర్ దగ్గరే దొరుకుతుంది, స్టూడియోలో దొరకదు.

ఎన్‌పీటీఎల్ నేర్పేది, నేర్పనిది

మన విద్యార్థులకు బాగా తెలిసిన నమూనా ఎన్‌పీటీఎల్. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన పథకమిది. మొదట్లో పాఠాల భాండాగారంగా ఉండి, 2014 నుంచి సర్టిఫికెట్ కోర్సులు నడుపుతోంది. 2017 జూలై 9న ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంలో ఇప్పుడు ఇదొక భాగం. స్వయంలో ప్రతి కోర్సుకూ నాలుగు అంగాలు ఉండాలి: వీడియో పాఠం, దించుకుని చదువుకునే పాఠ్యం, తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు, చర్చా వేదిక. డిగ్రీలో భాగంగా స్వయం కోర్సులకు క్రెడిట్లు బదిలీ చేసుకునే పరిమితిని యూజీసీ 2016లో 20 శాతంగా పెట్టి, 2021లో 40 శాతానికి పెంచింది. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎన్‌పీటీఎల్ లోకల్ చాప్టర్, దానికో బాధ్యుడు ఉండటం మామూలు విషయమైపోయింది.

ఈ నమూనాలో మెచ్చుకోవాల్సింది దాని నిలకడ. ప్రతి వారం పాఠం వస్తుంది, ప్రతి వారం అసైన్‌మెంట్‌కు గడువు ఉంటుంది. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. సర్టిఫికెట్ రావాలంటే 25లో కనీసం 10, 75లో కనీసం 30 రావాలి. పన్నెండు వారాల కోర్సులో మంచి మార్కులొచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. ఒంట్లో బాగోలేకనో, ఇంట్లో పెళ్లి ఉండో ఒకటి రెండు వారాలు వెనకబడినవాళ్లు మునిగిపోకుండా కాపాడేది ఈ చిన్న నిబంధనే.

అసైన్‌మెంట్ జవాబులు గడువుకు ముందే యూట్యూబ్‌లో, టెలిగ్రామ్‌లో దొరుకుతాయన్నది అందరికీ తెలిసిన రహస్యం. పరీక్షకు 75 మార్కులు ఉండటం వల్ల సర్టిఫికెట్ విలువ కొంతవరకు నిలబడుతోంది. కానీ సాధన జరగాల్సిన చోట నకలు జరిగితే నేర్చుకోవడం అక్కడే ఆగిపోతుంది. వేలమందికి ఒకే బహుళైచ్ఛిక ప్రశ్న ఇచ్చినంత కాలం దీనికి మందు లేదు. అరవై మంది ఉన్న సొంత కాలేజీ కోర్సుకు ఆ ఇబ్బంది ఉండదు. బజారు ధరల్లాంటి పని ఇవ్వొచ్చు, సమర్పించినవాళ్లలో కొందరిని పిలిచి ‘ఈ అంకె ఎలా వచ్చింది’ అని ఐదు నిమిషాలు అడగొచ్చు. ఏఐ రాసిపెట్టిన జవాబులు వరదలా వస్తున్న ఈ రోజుల్లో ఆ ఐదు నిమిషాల నోటి పరీక్షకు విలువ ఇంకా పెరిగింది. చిన్న కాలేజీలు పెద్ద వేదికలను అనుకరించకుండా, తమకే సాధ్యమయ్యే ఈ బలాన్ని వాడుకోవాలి.

అడిగితే పలికే మనిషి

ఎంఐటీ, హార్వర్డ్‌ల ఆన్‌లైన్ కోర్సుల మీద 2019లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం, 2017-18లో చేరిన ప్రతి వందమందిలో కోర్సు పూర్తి చేసింది ముగ్గురే. డబ్బు కట్టి సర్టిఫికెట్ కోసం చేరినవాళ్లలో మాత్రం 46 మంది. ఉచితంగా చేరినవాళ్లందరూ పూర్తి చేసే ఉద్దేశంతో రారు, నిజమే. అయినా ప్రపంచంలోకెల్లా పేరున్న అధ్యాపకుల పాఠాలు కూడా ఒంటరి విద్యార్థిని కుర్చీలో కూర్చోబెట్టలేకపోతున్నాయన్నది ఆ అంకెల్లో కనిపిస్తుంది.

నిలబడిన కోర్సులను చూస్తే అన్నిటిలోనూ మనుషుల ఏర్పాటు ఉంది. 2014 జనవరిలో జార్జియా టెక్ మొదలుపెట్టిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ అమెరికాలో ఉద్యోగం చేసే మనవాళ్లకు కొత్త పేరు కాదు. మొత్తం చదువుకు సుమారు 7,000 డాలర్లతో మొదలై, వేలమందికి విస్తరించింది. అది నడుస్తున్నది పెద్ద సంఖ్యలో ఉన్న టీచింగ్ అసిస్టెంట్ల వల్ల. అక్కడి ప్రొఫెసర్ అశోక్ గోయల్ 2016లో జిల్ వాట్సన్ అనే సాఫ్ట్‌వేర్ సహాయకురాలిని కూడా పెట్టారు. గడువు ఎప్పుడు, ఫైల్ ఏ రూపంలో పంపాలి వంటి రొటీన్ ప్రశ్నలకు అది జవాబిస్తుంటే, మనుషులు అసలు సందేహాలకు సమయం పెట్టగలిగారు. ఈ పని విభజన మనకూ పనికొస్తుంది. ఐఐటీ మద్రాస్ 2020లో ప్రకటించిన డేటా సైన్స్ డిగ్రీ ఇంకో దారి ఎంచుకుంది. జేఈఈ అక్కర్లేదు, నాలుగు వారాల పాఠాలు చదివి, అసైన్‌మెంట్లు చేసి, కేంద్రానికి వెళ్లి అర్హత పరీక్ష రాయాలి. అంటే ఆన్‌లైన్‌లో చదవడం ఎలా ఉంటుందో విద్యార్థి రుచి చూశాకే అసలు చదువు మొదలవుతుంది. ఆ నాలుగు వారాలు వడపోతగానూ, తర్ఫీదుగానూ పనిచేస్తాయి.

మన కాలేజీ కోర్సుల్లో చర్చా వేదిక సాధారణంగా ఖాళీగా ఉంటుంది. అదే క్లాసు వాట్సాప్ గ్రూపు మాత్రం రాత్రి పన్నెండింటిదాకా మోగుతూనే ఉంటుంది. అందరి ముందు, అందులోనూ ఇంగ్లీషులో, సందేహం అడగడానికి పిల్లలు జంకుతారు. పేరు కనిపించకుండా అడిగే వీలు, తెలుగులో అడిగినా పర్వాలేదన్న మాట, ఒక రోజులోపు జవాబు వస్తుందన్న హామీ, ఈ మూడు ఉంటే పరిస్థితి మారుతుంది. మొదటి ప్రశ్నకు మూడు రోజులు జవాబు రాకపోతే రెండో ప్రశ్న ఎవరూ అడగరు.

ఇక్కడే లెక్చరర్ సమయం గురించి నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. అరవై మంది పని దిద్ది, ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు పెట్టి నాలుగు మాటలు రాయాలంటే వారానికి ఆరు గంటలు. ఇది వర్క్‌లోడ్‌లో లెక్కకు రాదు. వీడియో రికార్డయిపోయింది కదా, ఇక మీకు పనేముంది అని అడిగే యాజమాన్యాలు ఉన్నాయి. గెస్ట్ లెక్చరర్లకైతే చెప్పిన పీరియడ్లకే డబ్బు, దిద్దిన గంటలకు లేదు. ఆన్‌లైన్ బోధనకు ఇంత లోతుగా నష్టం చేసే విషయం మరొకటి లేదు. మధ్యేమార్గంగా, ప్రతి వారం ఇరవై మంది పనిని మాత్రమే వివరంగా చూసి, మిగతావాళ్లకు నమూనా జవాబు ఇచ్చి తామే సరిచూసుకోమనవచ్చు. వారానికి రెండు గంటలతో ప్రతి విద్యార్థికీ మూడు వారాలకు ఒకసారి గురువు రాసిన మాట అందుతుంది. ఆ రెండు గంటలనైనా కాలేజీ టైమ్‌టేబుల్‌లో రాసి, పని గంటలుగా గుర్తించాలి.

ఫోన్, ఫాంట్, భాష

2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం పల్లె కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నది 4.4 శాతానికే, పట్టణాల్లో 23.4 శాతానికి. తర్వాత ఫోన్లు, చౌక డేటా బాగా పెరిగాయి కానీ చాలా ఇళ్లలో చదువు ఇప్పటికీ ఫోన్ తెర మీదే సాగుతుంది. కాబట్టి కోర్సు మొత్తాన్ని ముందు ఒక మామూలు ఫోన్‌లో తెరిచి చూడాలి. స్లైడ్ మీద ఉన్న పన్నెండు వరుసల టేబుల్ అక్కడ చదవగలుగుతున్నామా? డేటా లెక్క కూడా చూడాలి. అదే పాఠాన్ని 64 కేబీపీఎస్ ఆడియోగా ఇస్తే గంటకు 29 ఎంబీ లోపే అవుతుంది, వీడియోకు దానికి ఎన్నో రెట్లు. వీడియో, ఆడియో, చదువుకునే పాఠ్యం మూడూ ఇస్తే సిగ్నల్ అందని ఊళ్లో ఉన్న విద్యార్థి, బస్సులో కాలేజీకి వచ్చే విద్యార్థి, వినికిడి లోపం ఉన్న విద్యార్థి ముగ్గురికీ ఒకే ఏర్పాటు పనికొస్తుంది.

తెలుగు పాఠ్యానికి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లలో పేజ్‌మేకర్ మీద కూర్చిన పాఠాలు పీడీఎఫ్‌లుగా ఆన్‌లైన్‌లోకి వస్తున్నాయి. చూడటానికి చక్కగా ఉంటాయి. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా గుర్తించే అక్షర ప్రమాణం) కావు కాబట్టి అందులో పదం వెతకడం కుదరదు, కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. చూపు లేని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్ వాటిని చదవలేదు. ఫోన్ తెరకు తగ్గట్టు అక్షరాలు సర్దుకోవు. కొత్త పాఠాలైనా యూనికోడ్‌లో కూర్చాలన్న ఒక్క నియమం పెట్టుకుంటే ఈ ఇబ్బందులన్నీ తప్పుతాయి. ఇందుకు కావాల్సింది ఖర్చు కంటే పట్టుదల.

భాష ఇంకా లోతైన సమస్య. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కాలేజీలు ఇంగ్లీషు మీడియానికి మారాయి. ఇంటర్ దాకా తెలుగులో చదివినవాళ్లు ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠం ముందు కూర్చుంటున్నారు. రికార్డు చేసిన పాఠానికి ఇక్కడ క్లాసుకు లేని సౌలభ్యం ఉంది. ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు, నెమ్మదిగా వినవచ్చు. దానికి తోడు ప్రతి వారం పది పదిహేను సాంకేతిక పదాలకు తెలుగులో వివరణ, పాఠం సారాంశం తెలుగులో ఒక పేజీ ఇస్తే, పరీక్ష ఇంగ్లీషులోనే రాసినా విషయం మనసుకు ఎక్కుతుంది. ఎన్‌పీటీఎల్ కూడా కొన్ని కోర్సుల పాఠాలను తెలుగు సహా భారతీయ భాషల్లో అక్షర రూపంలో అందిస్తోంది. పదో తరగతి స్థాయి వాక్యాల్లో పీజీ విషయం చెప్పగల తెలుగు ఇంకా చాలా తయారవ్వాలి. దాన్ని రాసేవాళ్లకు యూనివర్సిటీలు పరిశోధనా పత్రానికి ఇచ్చేపాటి గుర్తింపు ఇస్తే తప్ప అది జరిగేలా లేదు.

ప్రయోగశాల అవసరమైన సబ్జెక్టుల్లో ఆన్‌లైన్‌కు హద్దు ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా పాలుపంచుకున్న, తెర మీదే ప్రయోగాలు చేయించే వర్చువల్ ల్యాబ్స్ ప్రాజెక్టులో మంచి ప్రయోగాలు ఉన్నాయి. ల్యాబ్‌కు వెళ్లే ముందు సిద్ధమవడానికి అవి చక్కగా పనికొస్తాయి. టైట్రేషన్‌లో రంగు మారే ఆ చుక్క దగ్గర చెయ్యి ఆపడం మాత్రం బ్యూరెట్ పట్టుకునే నేర్చుకోవాలి.

మొదటి బ్యాచ్

కోర్సును అరవై మంది ముందు పెట్టే ముందు ఐదారుగురితో రెండు వారాలు నడిపి చూడటం తప్పనిసరిగా చేయాల్సిన పని. వాళ్లలో ఒకరైనా ఆ సబ్జెక్టులో బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లు కావాలి. పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా, వాళ్లు ఎక్కడ ఆగుతున్నారో చూస్తే చాలు. బటన్ కనిపించక ఆగారా, ప్రశ్న అర్థంకాక ఆగారా అన్నది అరగంటలో తెలిసిపోతుంది.

అసలు బ్యాచ్ మొదలయ్యాక చూడాల్సిన సమాచారం ఎక్కువేమీ అక్కర్లేదు. వరుసగా రెండు వారాలు లాగిన్ కానివాళ్ల పేర్లు మూడో వారం మొదట్లో లెక్చరర్ చేతికి రావాలి. వాళ్లకు మెసేజ్ కాకుండా ఫోన్ చేయాలి. ఎందుకు రాలేదని నిలదీయకుండా, ఎక్కడ ఆగావు అని అడగాలి. వచ్చే జవాబులు చాలావరకు చిన్నవే ఉంటాయి: పాస్‌వర్డ్ మర్చిపోయాను సార్, ఫోన్ అన్నయ్య పట్టుకెళ్లాడు, రెండో వారం లెక్క రాలేదు మేడం అందుకే మూడోది తెరవలేదు. ఆ వారంలోనే సరిచేయగలిగినవి ఇవి, పదో వారంలో చేయలేనివి. అలాగే క్విజ్‌లో ఎక్కువమంది ఒకే తప్పు జవాబు ఎంచుకున్న ప్రశ్నలను పక్కన రాసి పెట్టుకోవాలి. రెండో బ్యాచ్ కోసం ఏ వీడియో మళ్లీ రికార్డు చేయాలో ఆ కాగితమే చెబుతుంది.